వాకిట్లో బండికి కరెంటు

ఆగస్టు 24, 2025. ఆదివారం. ఉదయం 11.20

ఈ నోటుబుక్కు ఎవరి కోసమూ కాదు. పద్దెనిమిదేళ్ళు తుర్కపల్లి ల్యాబులో డాక్యుమెంటేషన్ చూశాను. తేదీ, టైము వేయకుండా ఒక్క లైను రాసిన జూనియర్లను ఎంతమందిని ఏడిపించానో లెక్కలేదు. రాయనిది జరగనట్టే అని వాళ్ళకు నూరిపోసిన మనిషిని. ఇప్పుడు లాంగ్ లీవులో ఉన్నాను కాబట్టి నా రికార్డు నేనే రాసుకుంటున్నాను.

కీమో అయిపోయి నలభై ఒక్క రోజులు. జుట్టు పసిపిల్లకు వచ్చినట్టు మెత్తగా వస్తోంది. వేళ్ళ చివర్లలో, అరికాళ్ళలో తిమ్మిరి ఉంది. మందు వల్ల నరాలకు అలా అవుతుందని, మెల్లగా తగ్గాలని డాక్టరమ్మ చెప్పింది. తగ్గకుండా పెరిగితే మాత్రం అన్ని పనులూ పక్కన పెట్టి రమ్మంది. స్కాన్ అక్టోబర్ 27న.

27 లోపల నాకు సముద్రం చూడాలని ఉంది. నలభై నాలుగేళ్ళు వచ్చినా చూడలేదు. స్కాన్ తర్వాత నేను ఎలాంటి మనిషినై ఉంటానో తెలియదు. అందుకని ఈ మధ్యలోనే చూడాలి. ఈ మాట జైపాల్‌తో ఇలా చెప్పలేదు. ఊరికే, సూర్యలంక పోదామా అన్నాను. బండి ఉన్నది గదా, పోదాం తీ, అన్నాడు.

బండి అంటే మా టెంపో ట్రావెలర్. పదకొండేళ్ళు ల్యాబుల స్టాఫును మోసింది. నేనూ అందులోనే డ్యూటీకి పోయేదాన్ని, నా మొగుడి బండిలో, కిటికీ పక్క సీటులో, మిగతా వాళ్ళతో పాటు. నిరుడు కాంట్రాక్టు పోయింది. జైపాల్ సీట్లన్నీ పీకించి మేడ్చల్‌లో ఒక షెడ్డులో మంచం, చిన్న ఫ్రిజ్, ఏసీ పెట్టించాడు. మాత్రల వల్ల నాకు ఒంట్లో ఆవిర్లు లేస్తాయి, ఏసీ లేనిదే కన్ను మూతపడదు. బయటి తిండి కుదరదు. కాబట్టి ఇల్లే మాతో పాటు రావాలి.

ఆగస్టు 27. సాయంత్రం 5.00

వినాయక చవితి కదా, ఎవరూ పనికి రారనుకుంటే ఎలక్ట్రీషియన్ షఫీయుద్దీన్ వచ్చాడు. శామీర్‌పేటలో మా వైపు సగం ఇళ్ళకు వైరింగ్ చేసింది ఇతనే. ఎండైనా వానైనా మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వాటిని అతను విప్పగా నేను చూడలేదు.

పని ఇదీ. మీటరు బోర్డు నుంచి వేరే లైను లాగాలి, దానికి విడిగా ఒక ఎంసీబీ స్విచ్చు, ప్రహరీ గోడకు మూత ఉన్న నీలం సాకెట్టు. అక్కడి నుంచి లావుపాటి కేబుల్ బండి నడుముకు తగులుకుంటుంది. ఏసీ, ఫ్రిజ్, బ్యాటరీ చార్జరు అన్నీ దాని మీదే. బయలుదేరే ముందు నెల రోజులైనా ఇంటి దగ్గర నడిపి చూడాలని జైపాల్ పట్టుదల. దారిలో ఏదైనా ఆగిపోతే నేను తట్టుకోలేనని ఆయన భయం, పైకి అనడు.

ఎర్తు ఏడున్నదని షఫీ అడిగాడు. జైపాల్ ఇంటి వెనక్కి తీసుకుపోయి బోరు దగ్గర ఇనుప పైపుకు చుట్టిన ఆకుపచ్చ వైరు చూపించాడు. ఇల్లు కట్టినప్పటి నుంచీ అంతే. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళకు అంతే. షఫీ వైరును రెండుసార్లు గుంజి చూసి, ఫికర్ జెయ్యకున్రి భాభీ, పక్కా ఉన్నది, అన్నాడు. రెండుసార్లు గుంజడమే టెస్టింగా అని నాలోని డాక్యుమెంటేషన్ మనిషి అడగబోయింది. ఆపాను. లీవులో ఉన్నాను కదా.

నాలుగున్నరకు స్విచ్ వేశారు. వాకిట్లో, పగటి వెలుతురులో, బండి లోపల ఒక చిన్న పసుపు లైటు వెలిగింది.

ఆగస్టు 28. ఉదయం 7.15

మా అత్తమ్మ యాదవ్వ తెల్లారే లేచి బండి తలుపు ముందు సానుపు చల్లింది. పేడనీళ్ళు ఆరకముందే చిన్న ముగ్గు. మెట్టుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. తడిబట్టతో తలుపు, హ్యాండిలు తుడిచింది. బండికి ఇదంతా ఏంది అత్తమ్మా అంటే, మనుషులు పండుకునేటిది ఇల్లే గదా బిడ్డా, ఇల్లన్నంక వాకిలుంటది, అన్నది. చెప్పులు గాడనే ఇడువాలె, మెట్టు మీద చెప్పుకాళ్ళు పెట్టొద్దు అని రూలు కూడా పెట్టింది. తాను మాత్రం ఎక్కదట. అది మీ ఇద్దరి ఇల్లట.

జైపాల్ డ్రైవరు తలుపు వైపు నుంచి చెప్పులతోనే ఎక్కుతాడు. స్టీరింగు దగ్గర వాకిలి లేదని ఆయన వాదన.

ఆగస్టు 30. మధ్యాహ్నం 3.40

బండిలో పడుకుని రాస్తున్నాను. ఏసీ సన్నగా మూలుగుతోంది. వేపకొమ్మ నీడ కిటికీ తెర మీద అటూ ఇటూ పోతోంది. దాన్నే చూస్తుంటే నీడ ఆగిపోయి బండి కదిలింది. రాజీవ్ రహదారి మీద పోయే లారీల చప్పుడు కూడా కలిసింది. ఎక్కడికి పోతున్నామో అడగాలనిపించలేదు. పొలాలు పోయాయి. తాటిచెట్లు పోయాయి. ఎవరో నా పక్కన కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తున్నారు, ముఖం చూడలేదు కానీ నాకు బాగా కావలసినవాళ్ళే.

లేచేసరికి గంట దాటింది. బండి వాకిట్లోనే ఉంది. ఆరు నెలల్లో ఇంత నిద్ర పట్టలేదు.

సెప్టెంబర్ 1. ఉదయం 8.10

చెయ్యి తిమ్మిరి ఎక్కువైంది. బండి ఎక్కుతూ హ్యాండిలు పట్టుకున్నాను, వేళ్ళ నుంచి మణికట్టు దాకా జిల్లుమంది. లోపలికి పోయి పడుకున్నాక తగ్గింది.

సెప్టెంబర్ 2. ఉదయం 8.05

మళ్ళీ.

సెప్టెంబర్ 5. మధ్యాహ్నం 2.30

రాత్రంతా వాన, వాకిలంతా బురద. ఇవాళ జిల్లుమనడం మోచేతి కింద దాకా వచ్చింది. అరికాళ్ళలో కూడా. చల్లగాలికి నరాలు బిగుసుకుంటాయేమో.

లోపల పడుకుంటే మాత్రం ఏమీ లేదు. ఇది నా ఊహ కాదు, నాలుగు రోజులుగా చూస్తున్నాను. లోపల ఉన్నంతసేపు వేళ్ళు మామూలుగా ఉంటాయి. దిగుతూ ఒక కాలు నేల మీద పెట్టగానే జబ్బు నా కోసం అక్కడే కాచుకుని కూర్చున్నట్టు పట్టుకుంటుంది. నేల మీద రోగిని, బండిలో కాదు. ఇలా రాస్తే మా మేనేజరు ఎర్రసిరాతో సున్నా చుట్టేవాడు. కానీ అలాగే ఉంది.

జైపాల్‌కు చెప్పను. చెబితే ఆ పూటే హాస్పిటల్. వాళ్ళు స్కాన్ ముందుకు జరుపుతారు. ఇక సముద్రం సంగతి ఎవరూ ఎత్తరు.

సెప్టెంబర్ 9. సాయంత్రం 4.15

ఇవాళ కలలో బండి చెరువు మీదుగా పోయింది. కట్ట మీదుగా కాదు, నీళ్ళ మీదుగానే. జైపాల్ గేరు మారుస్తూ, గిట్ల పోతె టోలు ఉండదు, అన్నాడు. నవ్వుతూ మేలుకున్నాను.

దిగుతుంటే మళ్ళీ జిల్లు. నవ్వు ఆగిపోయింది.

సెప్టెంబర్ 12. ఉదయం 9.00

జైపాల్ టీ గ్లాసు ఇస్తూ నా చేతిని చూశాడు. వేళ్ళెట్లున్నయి అన్నాడు. బాగానే ఉన్నాయన్నాను. ఇరవై ఏళ్ళ సంసారంలో ఆయనకు అబద్ధాలు చాలానే చెప్పాను, చీర రేట్ల గురించి, వాళ్ళ అక్కయ్య వంట గురించి. ఇలాంటిది ఇదే మొదటిది. ఆయన నమ్మాడు. నమ్మినందుకు కోపం వచ్చింది.

సెప్టెంబర్ 17. మధ్యాహ్నం 3.00

లైను పని ఉందని పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఏసీ లేకపోయినా వాన గాలికి బండిలో హాయిగా ఉంది. నాలుగుసార్లు ఎక్కాను, దిగాను. వేళ్ళు బాగున్నాయి. ఇవాళ మంచిరోజు.

సెప్టెంబర్ 18. ఉదయం 8.20

ఇవాళ కాదు.

సెప్టెంబర్ 21. సాయంత్రం 6.00

ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడుపూలు తెంపడానికి అత్తమ్మా నేనూ చెరువు వైపు పోయి వచ్చాం. గునుగు పూల కట్టలు కట్టేటప్పుడు అత్తమ్మ చేతులు ఆగి ఆగి పని చేశాయి. ఒళ్ళంతా కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన. చేతులు నొస్తున్నాయా అంటే, ముసలిదాన్ని గదా, అని పూల గంప అటు జరిపింది.

అందరితో ఒక చుట్టు తిరిగాను. చప్పట్లు కొడితే వేళ్ళు మొద్దుగా ఉన్నాయి కానీ, బండి దగ్గర వచ్చే ఆ జిల్లు రాలేదు. వచ్చే ఏడు ఈ చుట్టులో ఉంటానా అని ఒక్కసారి అనుకున్నాను. తర్వాత పాటలో పడిపోయాను.

సెప్టెంబర్ 23. ఉదయం 8.30

భుజం దాకా కొట్టింది. చేతిలో స్టీలు గ్లాసు ఎగిరి పడింది. కాసేపు మెట్టు పక్కన బురదలోనే కూర్చుండిపోయాను. అత్తమ్మ పరిగెత్తి వచ్చింది. కాలు జారిందని చెప్పాను. ఆమె నా ముఖం చూసింది, తర్వాత తలుపు చూసింది.

ఇక దాచలేను. ఇలాగే పెరిగితే కాళ్ళు కూడా పడిపోతాయి. రేపు జైపాల్‌కు చెప్పి డాక్టరమ్మ దగ్గరికి పోతాను. సముద్రం చూడటం అవ్వదు. రాసేశాను కాబట్టి జరిగినట్టే.

సెప్టెంబర్ 23. సాయంత్రం 5.30

ఏడ్చాను. జబ్బు పేరు విన్న రోజు కూడా ఇంత ఏడవలేదు. చూడని నీళ్ళ కోసం ఇంతగా ఏడుస్తారా?

సెప్టెంబర్ 24. ఉదయం 6.40

డాక్టరమ్మకు చూపించడానికి పాత పేజీలన్నీ తిరగేసి ఒక పట్టిక గీశాను. తేదీ, టైము, ఎంత దాకా పాకింది, అప్పుడు ఎక్కడున్నాను. అలవాటు ఊరుకోదు కదా. గీశాక మూడుసార్లు చదివాను.

జిల్లు ఒక్కసారి కూడా ఇంట్లో రాలేదు. వంటగదిలో లేదు, బాత్రూములో లేదు, బతుకమ్మ దగ్గర లేదు. వచ్చినవన్నీ బండి తలుపు దగ్గరే, చెయ్యి ఇనుము మీద, వట్టి కాలు నేల మీద. సానుపు ఆరకముందు ఎక్కువ. వాన పడిన రోజు ఇంకా ఎక్కువ. బండి లోపల లేదు.

పట్టికలో 17వ తేదీ లేదు. 17న కరెంటు లేదు.

నా నరాలకు ట్రాన్స్‌కో టైంటేబుల్ తెలిసే అవకాశం లేదు.

సెప్టెంబర్ 24. ఉదయం 7.50

రాసినంత మాత్రాన రుజువు కాదు. పోయి ముందు గోడకున్న సాకెట్టు నుంచి ప్లగ్గు పీకాను. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి హ్యాండిలు పట్టుకున్నాను. ఏమీ లేదు. గట్టిగా పట్టుకున్నాను. ఏమీ లేదు. రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. చూసేవాళ్ళకు పిచ్చిదానిలా కనిపించి ఉంటాను.

చెప్పులు వేసుకుని ప్లగ్గు మళ్ళీ పెట్టాను. తలుపు జోలికి పోలేదు. జైపాల్‌ను కేకేసి టెస్టరు తెమ్మన్నాను. ఎందుకని అడుగుతూనే తెచ్చి, తలుపుకు ఆనించాడు. టెస్టరులో చిన్న ఎర్రదీపం వెలిగింది. హ్యాండిలుకు పెట్టాడు, వెలిగింది. అత్తమ్మ బొట్లు పెట్టిన మెట్టు అంచుకు పెట్టాడు. వెలిగింది.

అప్పుడు చెప్పాను. మూడు వారాల సంగతి అంతా, ఈ బుక్కు చూపించి.

ఆయన చదవలేదు. ముందు పోయి ప్లగ్గు పీకాడు. కేబుల్ అంతా చుట్టలు చుట్టి చంకలో పెట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు, మళ్ళీ ఎవరైనా లాక్కుని తగిలిస్తారేమో అన్నట్టు. నాకెందుకు చెప్పలేదు, అన్నాడు. చెబితే సముద్రం రద్దు చేస్తావని, అన్నాను. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. సముద్రం ఏడికి పోతది రోజా, అన్నాడు.

సెప్టెంబర్ 24. ఉదయం 9.15

ఇది విడిగా రాయాలి.

మా మాటలన్నీ అత్తమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. మెల్లగా వచ్చి తన రెండు చేతులూ చూసుకుంది. గా తలుపు తుడిసినప్పుడల్లా నాకు జుమ్మంటుండె, అన్నది. ఎప్పటి నుంచి అని అడిగాను. మొదటి రోజు నుంచేనట. ముసలి నరాలు అనుకున్నదట. రోజూ కర్పూరం నూనె రుద్దుకున్నదట. మరి చెప్పొద్దా అత్తమ్మా అంటే, నీ పానం అట్లుంటే నా చేతుల ముచ్చట ఏమని జెప్పాలె బిడ్డా, అన్నది.

ఒకే ఇంట్లో, ఒకే తలుపు పట్టుకుని, ఇద్దరు ఆడవాళ్ళం మూడు వారాలు మా మా ఒళ్ళనే తిట్టుకున్నాం. తలుపును అనుమానించాలని ఒక్కరికీ తోచలేదు. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. నా చేతులు తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సెప్టెంబర్ 25. సాయంత్రం 5.45

షఫీ వచ్చి బోరు పైపు పక్కన తవ్వాడు. మోచెయ్యంత లోతులో ఇనుము అయిపోయింది. కింద అంతా ప్లాస్టిక్ పైపే. ఎండాకాలంలో నేను హాస్పిటల్లో ఉన్నప్పుడు పైపు పగిలితే ప్లంబరును పిలిపించి అత్తమ్మే మార్పించింది. నీళ్ళు వచ్చాయి, అందరూ సంతోషించారు. ఆకుపచ్చ వైరు సంగతి ఎవరికి గుర్తుంటుంది? అప్పటి నుంచీ మా ఇంటికి ఎర్తు లేదు.

షఫీ రెండు చెవులూ పట్టుకుని తోబా తోబా అన్నాడు. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చార్జరు ఎప్పుడూ కొంచెం కరెంటు బండి బాడీకి వదులుతుందట. ఎర్తు ఉంటే అది భూమిలోకి పోతుందట. లేదు గనుక, బండి రబ్బరు టైర్ల మీద ఉంది గనుక, మా చేతుల్లోంచి, తడి కాళ్ళలోంచి పోయింది. ఇయ్యాల జిల్లుమన్నది భాభీ, లోపల ఒక్క వైరు ఒరుసుకుంటే మనిషే పోతుండె, అన్నాడు. అతనికి ఎందుకు తెలియలేదో అడిగాను. తలవంచి తన బూట్లు చూసుకున్నాడు.

గోడ పక్కన కొత్త గుంత తవ్వాడు. రాగిపూత కడ్డీ, ఉప్పు, బొగ్గు, నీళ్ళు. లీకైతే రెప్పపాటులో ఆపేసే బ్రేకరు బోర్డులో పెట్టాడు. మీటరు పెట్టి కొలిచి, నేను అడగకముందే ఆ అంకె కాగితం మీద రాసి సంతకం చేశాడు. అంతా అయ్యాక బూట్లు రెండూ విప్పి గోడ వారగా పెట్టాడు. కాళ్ళు తెల్లగా, నానిపోయినట్టు, చిన్నపిల్లల కాళ్ళలా ఉన్నాయి. బురదలో నిలబడి, ముందు టెస్టరు పెట్టి చూసి, తర్వాత తన చెయ్యి తలుపు మీద వేశాడు. చాలాసేపు తియ్యలేదు.

అక్టోబర్ 3. మధ్యాహ్నం 2.10

డాక్టరమ్మకు అంతా చెప్పాను. సూది పెట్టి, దూదితో గీసి పరీక్ష చేసింది. తిమ్మిరి ఆగస్టులో ఎంత ఉందో అంతే ఉందట, కొంచెం తక్కువే కావచ్చట. సముద్రానికి వెళ్ళి రమ్మంది. ఫైల్లో అంతే రాసి, నా పట్టిక ఫోటో తీసుకుంది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో నా కాగితాన్ని ఎవరూ ఇంత ప్రేమగా చూడలేదు.

బండిలో పడుకున్నాను. ఇప్పుడు నేల మీదకు దిగినా ఏమీ పట్టుకోవడం లేదు. నేలా, బండీ ఒకటయ్యాయి. అయితే నిద్ర మాత్రం ఇదివరకటిలా పట్టలేదు. జబ్బు నుంచి దాక్కునే చోటు ఒకటి ఉందనుకున్న రోజులు, అబద్ధమే అయినా, బాగుండేవి.

అక్టోబర్ 10. ఉదయం 6.20

బయలుదేరాం. కేబుల్ చుట్టి లోపల పెట్టారు. అత్తమ్మను కూడా ఎక్కమన్నాను. అది మీ ఇల్లు, మీ ప్రయాణం అన్నది. మూడు వారాలు నాతో పాటు కరెంటు తిన్నావు, సముద్రానికి నిన్ను వదిలి పోతానా అన్నాను. లోపలికి పోయి ఐదు నిమిషాల్లో సంచీతో వచ్చింది. సంచీ ముందే సర్దుకుని ఉంది.

కిటికీ పక్క చోటు ఆమెకిచ్చాను. శామీర్‌పేట చెరువు మీద పొగమంచు. కాసేపటి వరకు బండి కదులుతోందో, బయటిదంతా కదులుతోందో తెలియలేదు.

అక్టోబర్ 12. సూర్యలంక. ఉదయం 6.05

అత్తమ్మ ముందు దిగింది. నీళ్ళను ఒక్క వేలితో ముట్టి చూసి, ఏం లేదు, రా బిడ్డా, అన్నది.

దిగాను. కాలివేళ్ళలో తిమ్మిరి ఉంది. దగ్గర్లో ఏ వైరూ లేదు. ఇది నాదే. అలాగే నిలబడ్డాను.